తిప్పి పంపిన బోణీ

ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి మూడు. గోల్ బజార్‌లో తాళ్లు, తాడ్‌పత్రీలు అమ్మే దుకాణం ఒకటి. వరోరా నుంచి గడ్‌చాందూర్ దాకా ఏ బొగ్గు లారీ మీద, ఏ సిమెంటు లారీ మీద తాడ్‌పత్రీ కప్పినా అది రామకిషన్ సేట్ దగ్గరిదే అయివుంటుందన్న పేరు రెండోది. మూడోది మా రజిని చెయ్యి.

రజినికి అప్పుడు పదేళ్లు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. చేతులు మాత్రం మంచి బలం. పొద్దున దుకాణం తెరవగానే గద్దె మీద నా పక్కన కూర్చునేది. మొదటి గిరాకీ పైసలు నేను ముట్టేవాణ్ణి కాదు. ఆమే తీసుకుని, రెండు కళ్లకు అద్దుకుని గల్లాలో వేసేది. ఆ తర్వాతే బడికి పోయేది. బజార్‌లో ఎవరు కొత్త దుకాణం పెట్టినా బోణీకి మమ్మల్ని పిలిచేవాళ్లు. నేను ఆమెను ఎత్తుకుని పోయేవాణ్ణి, పైసలు ఆమె చేత ఇప్పించేవాణ్ణి. ఆ దుకాణాలు బాగానే నడిచాయి. నడవనివి ఉన్నా వాటి సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు కదా.

మా బామ్మర్ది కనకరాజు బొగ్గు రవాణా కాంట్రాక్టుల్లో పైకొచ్చినవాడు. ఆ రోజుల్లో చంద్రపూర్‌కు కొత్త డబ్బు వచ్చింది. నిన్నటిదాకా లారీ క్లీనర్లుగా ఉన్నవాళ్లు మారుతీ కార్లు కొన్నారు. ప్రతివాడికీ నాగ్‌పూర్‌లో ఉన్నది ఇక్కడా ఉండాలన్న కోరిక పుట్టింది. కనకరాజు నాగ్‌పూర్ భాగస్వామిని ఒకణ్ణి పట్టుకుని, వరోరా రోడ్డు పక్కన భూమి కొని, మయూర్‌లోక్ అని ఒక పార్కు కట్టాడు. నీళ్లలోకి జారే గొట్టాలు, పిల్లల రైలు, మధ్యలో ఇంత ఎత్తు రంగులరాట్నం. ఆ రాట్నం మా మేడ మీది నుంచి కూడా కనిపించేది. దాన్ని నిలబెడుతున్నన్ని రోజులూ రజిని సాయంత్రం మేడ మీదే ఉండేది.

"బాపూ, అంత మీదికి పోతే ఏం గనవడ్తది?" అని అడిగేది.

"పోయినంక నువ్వే జెప్పు," అనేవాణ్ణి.

ఉగాదికి ముందు కనకరాజు దుకాణానికి వచ్చాడు. గద్దె అంచున కూర్చుని, "బావా, పండుగనాడు పార్కు తెరుస్తున్న. బోణీ నీదే. నీ చెయ్యి పడ్తెనే నాకు ధైర్యం," అన్నాడు.

రజిని అక్కడే ఉంది. "మామా, టికెట్ ఎంత?" అంది.

"నీకు టికెట్ ఏందే, మామ పార్కుకు?" అని నవ్వాడు వాడు.

"పైసలు తీస్కోకుంటే బోణీ ఎట్లయితది?" అంది రజిని.

వాడు నవ్వుతూనే టికెట్ ధర చెప్పి పోయాడు. ఆమె తన డబ్బాలోంచి సరిగ్గా అంత తీసి రుమాలులో కట్టి పెట్టుకుంది.

*

పండుగనాడు పొద్దున్నే రజినిని దుకాణం టెంపోలో కూర్చోబెట్టుకుని పోయాను. నా భార్య రుక్మిణికి ఇంట్లో ఉగాది పచ్చడీ బచ్చాలూ చేసే పని ఉండి సాయంత్రం వస్తానంది. గేటుకు మామిడాకులు, బంతిపూలు కట్టారు. సూట్లు వేసుకున్న పెద్దవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు, బ్యాండువాళ్లు. గేటు దగ్గర కాపలా మొగిలిది. లాల్‌పేట్ గనిలో పనిచేసి దిగిపోయినవాడు, మా దుకాణానికి పాత గిరాకీ. నన్ను చూసి సలాం కొట్టి దారి ఇచ్చాడు.

నేను రజినిని చంకనెత్తుకుని టికెట్ల కిటికీ దాకా పోయాను. ఆమె రుమాలు ముడి విప్పింది. అప్పుడు కనకరాజు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బావా, జర ఇటు రా."

నాలుగడుగులు పక్కకు పోయాం.

"పిల్లను టెంపోల కూసోవెట్టరాదు? టికెట్ నువ్వొక్కనివే తీస్కో."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? నాగ్‌పూర్ సేటు వచ్చిండు. ఫోటోలు దీస్తరు, పేపర్ల వస్తది. మొదటి మనిషే కాళ్లు లేని పొల్ల అయితే జనం ఏమనుకుంటరు? ఇది ఆటల జాగ గద బావా. మంచి రోజు, ముహూర్తం యాల. పొద్దుగూకినంక ఎనక గేటు నుంచి తీస్కరా, మొగిలికి జెప్త. పది సుట్లు తిప్పిస్త, నిమ్మలంగ."

వాడు గొంతు తగ్గించే మాట్లాడాడు. కానీ చంకనున్న పిల్ల చెవి నా చెవి పక్కనే ఉంటుంది. వాడికి ఆ సంగతి తోచలేదు.

రజిని రుమాలు చేతిలో పట్టుకునే, "మామా, నేను చిల్లర గూడ సరిగ్గ తెచ్చిన," అంది.

వాడు ఆమె చెంప మీద తట్టి, "మా బంగారమే," అని కిటికీ దగ్గరికి పోయాడు. నాగ్‌పూర్ సేటు మనవడి చేతికి మొదటి టికెట్ ఇచ్చాడు. బ్యాండు మోగింది. ఫోటోలు తీశారు.

"ఇంటికి పోదాం బాపూ," అంది రజిని.

ఏడవలేదు. దారిలో పడోలీ దాటాక అడిగింది: "బోణీ తిప్పి పంపితే ఏమైతది?"

"గిరాకి పోతది."

"నిజంగనేనా? దానంతటదే పోతదా?"

"అది మనం సూసుకోవాలె బిడ్డా," అన్నాను.

*

మా బజార్‌లో ఒక కట్టు ఉంది. పొద్దున మొదట వచ్చిన గిరాకీ ఎవరైనా సరే, కులం చూడొద్దు, బట్ట చూడొద్దు, తిప్పి పంపొద్దు. బేరం కుదరకపోతే నష్టానికైనా ఇవ్వాలి. బోణీ తిప్పి పంపినవాడి పక్క దుకాణంవాడు కూడా ఆ రోజు గుమ్మం కడిగి మళ్లీ పసుపు పెడతాడు. మరాఠీవాళ్లు దీన్నే భవానీ అంటారు, వాళ్లకూ అదే పట్టింపు. కనకరాజు ఈ బజార్‌లోనే పుట్టాడు. లారీలు పెరిగేసరికి మరిచాడు. మరిచినదాన్ని గుర్తుచేయడం తేలిక. పైకి మరిచినా, నమ్మకం ఇంకా లోపలే ఉంది. అదే నాకు పనికొచ్చింది.

మర్నాడు గేటు తెరవకముందే నేనూ రజినీ టికెట్ల కిటికీ ముందు ఉన్నాం. ఆమెను కూర్చోబెట్టడానికి ఒక స్టూలు, నీడకు గొడుగు తీసుకెళ్లాను. కిటికీలో మనిషి మమ్మల్ని చూసి లోపలికి పోయి వచ్చాడు.

"టికెట్ పుస్తకం ఇంక రాలే సేట్."

"రానీ. మాకేం తొందర?"

మా వెనక లైను పెరిగింది. అది మహాకాళి జాత్ర కాలం. నాందేడ్ నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు అమ్మవారి దర్శనం అయ్యాక పిల్లలను ఏడిపించకుండా ఇటు తీసుకొచ్చేవాళ్లు. చంద్రపూర్ ఎండకు పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడుతుంది. జనం కసురుకోవడం మొదలుపెట్టారు. ఒక మరాఠీ ముసలమ్మ, "కాయ్ ఝాలం భావూ?" అని, ఏమైందో చెప్పమని మొగిలిని అడిగింది.

మొగిలికి అబద్ధం చెప్పడం రాదు. "మాలకానే భవానీ పరత్ కేలీ, ఆజీ. యజమాని నిన్న ఈ పొల్ల బోణీని తిప్పి పంపిండు," అని రెండు భాషలు కలిపి చెప్పాడు.

ముసలమ్మ రజినిని చూసింది, గేటును చూసింది, మనవల చేతులు పట్టుకుని బస్సు వైపు నడిచింది. ఆమె వెనక ఇంకొన్ని కుటుంబాలు కదిలాయి.

కాసేపటికి కిటికీ తెరుచుకుంది. "బోణీ అయింది సేట్, ఇగ మీకు టికెట్ ఇస్త," అన్నాడు లోపలి మనిషి.

"ఎవలది బోణీ?"

"మా సార్ డ్రైవర్‌ది."

"డ్రైవర్‌కు పైసలెవరిచ్చిండ్రు?"

లైనులో ఎవరో, "ఎడమ జేబులయి కుడి జేబుల ఏసుకున్నట్టు," అన్నారు. అందరూ నవ్వారు. నేను రజినిని ఎత్తుకుని స్టూలు, గొడుగు సర్దుకుని వచ్చేశాను. రెండో టికెట్ మాకెందుకు?

ఆ తర్వాత రోజూ అదే పని. బడికి వేసవి సెలవులు వచ్చాయి. నేను లేచేసరికే రజిని రెండు జడలు వేసుకుని, రుమాలు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉండేది. ఒకరోజు నాకు జ్వరంగా ఉండి, "ఇయ్యాల వద్దు బిడ్డా," అంటే, "మామకు జరమొచ్చిందా?" అంది. లేచి టెంపో తీశాను.

కనకరాజు ఒకరోజు గేటు గంట ముందే తెరిపించాడు. మేం గంటన్నర ముందు పోయాం. ఒకరోజు ఇంకెవరినో తెచ్చి నిలబెట్టాడు. ఆ మనిషి రజిని ముందు నిలబడలేక తనే పక్కకు జరిగాడు. ఇంకోరోజు మొగిలితో మమ్మల్ని తీసేయమన్నాడు. మొగిలి, "నా చేత గాదు సార్, కావాలంటే నన్ను దీసెయ్యిండ్రి," అన్నాడట. తీసేసే ధైర్యం వాడికి లేకపోయింది. గేటు దగ్గర లాల్‌పేట్ గని మనుషులకు సర్దిచెప్పగలవాడు మొగిలి ఒక్కడే.

*

పార్కులో తినుబండారాల దుకాణాలు పది పన్నెండు ఉండేవి. అన్నీ మా బజార్ మనుషులకు కిరాయికి ఇచ్చినవే. ఆటల్లో వచ్చేదానికన్నా ఆ కిరాయిల్లో కనకరాజుకు ఎక్కువ వచ్చేది. జనం కూడా సగం తినడానికే వచ్చేవాళ్లు. ఇది నాకు తెలుసు. వాడికీ తెలుసు.

నేను ఎవరి దగ్గరికీ పోయి ఏమీ చెప్పలేదు. అడిగినవాళ్లకు మాత్రం అబద్ధం చెప్పలేదు.

మొదట బరఫ్ గోలా అమ్మే మల్లవ్వ వచ్చింది. దుకాణం మెట్టు మీద కూర్చుని చెంగుతో విసురుకుంటూ, "సేటూ, నిజమేనా? సొంత మేనకోడలు బోణీ తిప్పి పంపిండా?" అంది.

"ఇదిగో, ఈడనే ఉంది. అడుగు."

రజిని ఊ అని తలూపింది.

"అందుకేనేమో, నా బండికి గూడ ఆడ పొద్దున పైస వుట్టుత లేదు," అంది మల్లవ్వ. నిజానికి పొద్దున గోలా ఎవరు తింటారు? కానీ ఆ మాట నేనెందుకు చెప్పాలి?

"నన్నేం జెయ్యమంటవ్?" అంది.

"నీ యాపారం, నేనేం జెప్త? మా బజార్ల అయితే బోణీ తిప్పినోని అరుగు ఊకెనే ఇచ్చినా తీస్కోరు."

"మరి యాడ వెట్టుకోవాలె బండి? ఎండల మాడి సావాల్నా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పార్కు గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, బాపురావు అనే రైతు పొలం ఉంది. పత్తి తీసేశాక వానల దాకా ఖాళీ. అప్పటికే అతనితో మాట్లాడి ఉంచాను. నా గోదాంలో అంచులు చిరిగి అమ్ముడుపోని తాడ్‌పత్రీలు ఉన్నాయి. వెదురు బొంగులు పాతించి, తాళ్లు బిగించి, వాటితో నీడ వేయించాను. మల్లవ్వ వచ్చింది. ఆమె వెనక భేల్‌వాడు, కుల్ఫీవాడు, మిర్చిబజ్జీలవాళ్లు. జాత్ర జనం రోడ్డుకు ఇవతలే కూర్చుని తిని, రాట్నాన్ని ఇక్కడి నుంచే చూసి, పిల్లలకు చూపించి పోయేవాళ్లు. రాట్నం తిరుగుతూనే ఉండేది. డబ్బాల్లో మనుషులు మాత్రం తగ్గుతూ వచ్చారు.

రజిని బోణీ ప్రతి ఒక్కడికీ కావాలి. గేటు దగ్గర మా పని కాగానే ఆమెను ఆ నీడలోకి తెచ్చేవాణ్ణి. ఒక్కో బండి దగ్గరా ఒక్కో రోజు మొదటి పైసలు ఇచ్చేది. గేటు లోపల కుర్చీ వేసుకుని కనకరాజు అది చూస్తూ ఉండేవాడు.

*

రుక్మిణికి ఇది నచ్చలేదు. ఒకరోజు మధ్యాహ్నం రజిని ఎండదెబ్బకు పడుకుని ఉంది. తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ రుక్మిణి అంది, "నీకు బామ్మర్ది, నాకు తమ్ముడు. ఏదో అన్నడు, తప్పే. దానికి పిల్లను రోజు తీస్కపోయి గేటు ముంగట దుకాణం వెట్టినట్టు కూసోవెడ్తవా?"

"అది నేను కూసోవెడ్తలేను. అదే కూసుంటుంది."

"అది చిన్నది. నీకన్న తెలివి ఉండాలె. ఒక్క మాట జెప్పు. దాన్ని రాట్నం ఎక్కించుడా, వాన్ని కూలగొట్టుడా? నీకేది గావాలె?"

"రెండు."

"రెండు బేరాలు ఒక్కపారి కుదరయ్."

"కుదరనియ్యకుంటే కుదరయ్," అన్నాను.

"వాడు నిజంగ గంత మాటన్నడా? నువ్వు రెండు కలిపి జెప్తున్నవేమో," అంది. ఆమె కోపమంతా నా మీదనే. తమ్ముడు అంత మాట అంటాడని ఆమె మనసు ఒప్పలేదు. నేను వాదించలేదు. ఒట్టు మాటతో అమ్మే సరుకు నా దగ్గర ఎప్పుడూ లేదు.

నాలుగు రోజుల తర్వాత కనకరాజే ఇంటికి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. అక్కకు చీర, కోడలికి గాజులూ గౌనూ, ఒక పళ్లెంలో మిఠాయి పెట్టి మంచం మీద ఉంచాడు. రుక్మిణి ముఖం విప్పారింది. చల్లని నీళ్లిచ్చింది. చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"బావా, దండం వెడ్త, ఇగ సాలు," అన్నాడు. "నాగ్‌పూర్ సేటు పైసలు గుంజుకుంట అంటుండు. దుకాణాలు మల్ల లోపటికి రావాలె. సోమవారం పార్కు బంద్ వెడ్త. ఒక్క మనిషి ఉండడు. మా కోడలొక్కతే. పొద్దుమాపు తిప్పుత. ఇంక ఏం గావాలె?"

"నాకేం వద్దు. పిల్లనడుగు."

రజిని గోడకానుకుని కూర్చుని ఉంది. గాజుల డబ్బా మూత తీసి చూసి మళ్లీ మూసింది.

"సోమవారం వద్దు మామా. అందరు ఉన్న రోజే కావాలె. ముందుగాల టికెట్ నాకే ఇయ్యాలె. పైసలు నా చేతిలకెళ్లి నువ్వే తీస్కోవాలె. కండ్లకద్దుకోవాలె."

కనకరాజు నవ్వబోయి ఆగాడు. నా వైపు తిరిగి, "నువ్వే నేర్పినవ్," అన్నాడు.

అప్పుడే రుక్మిణి చాయ్ తెచ్చింది. వాడు అక్క వైపు తిరిగాడు. తనవాళ్లు అనుకున్నవాళ్ల ముందే మనిషి ఉన్న మాట అంటాడు.

"నువ్వన్న జెప్పక్కా. పొద్దున పొద్దున అవిటి పిల్ల ఎదురొస్తే ఎవడన్న బోణీ జేస్తడా? నా పైసలు అన్ని దాంట్ల వెట్టిన. ఇంట్ల అయితే మన పిల్ల, నెత్తిన వెట్టుకుంట. అందరి ముంగట ఎట్ల?"

రుక్మిణి కప్పు చేతిలో పట్టుకునే నిలబడింది.

"నీ మొదటి లారీకి బొట్టు ఎవలు వెట్టిండ్రు కనకం?" అంది.

"గప్పుడు అది సంటిది గదక్కా. సంకల ఉండె, ఎవలకు కనవడలే. గప్పుడు నేను గూడ చిన్నోన్ని. గిప్పుడు పెద్దోళ్లు వస్తున్నరు."

రుక్మిణి కప్పు వాడికి ఇవ్వకుండా లోపలికి తీసుకుపోయింది. మోరీలో చాయ్ పారబోసిన చప్పుడు వినబడింది. బయటికొచ్చి పళ్లెం, చీర, గౌను, గాజుల డబ్బా తీసుకుని మెట్లు దిగి, వాడి జీపు వెనక సీటు మీద పెట్టి వచ్చింది.

"రేపు పొద్దున పిల్లను నేనే తీస్కస్త," అని తమ్ముడికి చెప్పింది. "నువ్వు కిటికీల కూసో."

*

మర్నాడు ఆదివారం. జాత్ర చివరి జనం. రోడ్డుకు ఇవతల నీడలో ఉన్న బండ్లవాళ్లందరూ గరిటెలు, బరఫ్ గీకే రందాలు వదిలి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. దుకాణాలు లోపలికి పోవడం, పోకపోవడం ఆ రోజు బోణీ చూసే. ఆ మాట మల్లవ్వ ముందురోజే వాడికి కబురు చేసింది.

రుక్మిణి ఎప్పుడూ రజినిని అంత దూరం ఎత్తుకోలేదు. పట్టుచీర కట్టుకుంది. చెమటతో జాకెట్టంతా తడిసిపోయింది. నేను ఎత్తుకుంటానంటే ఇవ్వలేదు. కిటికీ దాకా పోయి నిలబడింది. లోపల కనకరాజు కూర్చుని ఉన్నాడు.

రజిని రుమాలు విప్పి పైసలు చాచింది. వాడు ఎడమ చెయ్యి పెట్టాడు.

"కుడి చెయ్యి, మామా."

వాడు చెయ్యి మార్చాడు. తీసుకున్నాడు. గబుక్కున ఒక కంటికి తాకించి గల్లా లాగాడు.

"రెండు కండ్లకు," అంది రజిని.

లైనులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే వాడికి తేలికయ్యేది. వాడు ఆ పైసలను రెండు కళ్లకూ అద్దుకున్నాడు. టికెట్ చింపి ఇచ్చాడు. రుక్మిణి తనకు వేరే టికెట్ అడిగి, పైసలిచ్చి తీసుకుంది.

మొగిలి ఇద్దరినీ రాట్నం డబ్బాలో కూర్చోబెట్టి గొలుసు వేశాడు. కనకరాజు కిటికీ వదిలి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. డబ్బా పైకి లేచింది.

"ఇగ అయిపోయినట్టేనా బావా?"

"నాది అయిపోయింది. దానిది నాకు తెల్వది."

రాట్నం పైన ఒకసారి ఆగింది. రుక్మిణి కళ్లు మూసుకుని ఉంది. రజిని డబ్బా అంచు పట్టుకుని కిందికి వంగి చూస్తోంది.

దిగాక టెంపోలో అడిగాను, "ఏం గనవడ్డది?"

"ఇరయి నది ఎండిపోయింది. బండలే ఉన్నయ్."

"మంచిగుండెనా?"

"ఊ. కడుపుల తిప్పింది. మల్ల ఎక్క."

*

ఆ రోజు మయూర్‌లోక్ నిండిపోయింది. దుకాణాలన్నీ లోపలికి పోయాయి. బాపురావు పొలంలో నా బొంగులు మాత్రం మిగిలాయి. జాత్ర ముగిసే ఆదివారం, దానికితోడు ఇన్ని రోజుల తమాషా చూడాలని వచ్చిన ఊరు. నిండక ఏమవుతుంది? కానీ కనకరాజు ఆ లెక్క వేయలేదు. కళ్లకు అద్దుకున్న చెయ్యి కదా, దాని లెక్కే వేశాడు.

సోమవారం పొద్దున మా ఇంటి ముందు జీపు ఆగింది. డ్రైవర్ దిగి చెప్పాడు. "సార్ చిన్నమ్మను తీస్కరమ్మన్నడు. బోణీకి."

రజిని అద్దం ముందు జడ వేసుకుంటోంది. వెనక్కి తిరగలేదు. "రానని జెప్పు," అంది.

రుక్మిణి నా వైపు చూసింది. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

జీపు మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. జాత్ర జనం పోయాక పార్కులో గిరాకీ పలచబడింది. జాత్ర పోతే ఎవరికైనా పలచబడుతుంది. వాడికి మాత్రం కారణం మా ఇంట్లో ఉంది. ఒకరోజు తనే వచ్చాడు. అప్పుడే నేను దుకాణం తెరుస్తున్నాను. రజిని గద్దె మీద ఉంది. వాడు జీపు దిగి, మెట్టు ఎక్కకుండా కిందనే నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక్కపారి రా. నీ చెయ్యి మంచిది."

"మామా, గిరాకి వచ్చిండు, జర పక్కకు జరుగు," అంది రజిని.

వాడి వెనక ఒక లారీవాడు తాళ్ల కోసం నిలబడి ఉన్నాడు. కనకరాజు జరిగాడు.

వానలు మొదలయ్యాయి, పార్కు ఆ ఏటికి మూతపడింది. రాఖీకి రుక్మిణి పుట్టింటికి పోలేదు, వాళ్లూ పిలవలేదు. ఆ పండుగనాడు ఆమె పొద్దంతా వంటింట్లోనే ఉంది. ఆ నష్టం ఆమె ఖాతాది. దాన్ని నేను పూడ్చలేను, పూడుస్తానని చెప్పనూ లేదు. చిరుగు తాడ్‌పత్రీలు కొన్ని పోయాయి. బామ్మర్ది పోయాడు.

వచ్చింది ఇది. నా బిడ్డ రాట్నం ఒక్కసారి ఎక్కింది, నచ్చలేదని తనే తేల్చుకుంది. కాళ్లు లేవని వెనక గేటు చూపించిన మనిషి ఊరందరి ముందు ఆమె పైసలు రెండు కళ్లకూ అద్దుకున్నాడు. మరుసటి ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా, పార్కు గేటు తెరిచే ముందు వాడు ఊరి నుంచి మేం వచ్చే రోడ్డు వైపు ఒకసారి చూస్తాడని మొగిలి చెప్తాడు. ఎవరూ రారు. ఆ తర్వాతే తాళం తీస్తాడు. పెట్టిన దానికి ఇది ఎక్కువే వచ్చింది.